జాన్ ఆడమ్స్ ఉత్తరాలు: ఎవరికి రాశాడు, ఎవరి చేతికి చిక్కాయి

అమెరికా స్వాతంత్ర్య పోరాటం జరిగినప్పుడు అక్కడి జనంలో మూడోవంతు దానికి అనుకూలం, మూడోవంతు వ్యతిరేకం, మిగిలిన మూడోవంతు ఎటూ మొగ్గలేదు అని ఆ దేశ రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ పేరు మీద ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. పుస్తకాల్లో కనిపిస్తుంది, ఉపన్యాసాల్లో వినిపిస్తుంది, ఆయనే అన్నాడు కదా అని ఎవరూ మారుమాట్లాడరు. ఆ మాట 1815 జనవరిలో ఆయన మాజీ సెనేటర్ జేమ్స్ లాయిడ్‌కి రాసిన ఉత్తరంలో ఉంది. ఉత్తరం మొత్తం చదివితే అక్కడ నడుస్తున్న చర్చ ఫ్రెంచి విప్లవం గురించి అని, దాని మీద అమెరికన్లు ఎలా చీలిపోయారో చెబుతున్నాడని తెలిసిపోతుంది. ఎవరో ఒక ముక్క కత్తిరించి తీసుకున్నారు, మిగతావాళ్లు ఆ ముక్కనే పట్టుకున్నారు.

ఆడమ్స్ విషయంలో ఇలా జరగడం చాలా తేలిక. ఆయన అంతగా రాశాడు, రాసింది అంతగా దాచాడు. భార్య అబిగైల్‌కీ ఆయనకీ మధ్య నడిచిన ఉత్తరాలే 1,100కి పైగా మిగిలాయి. డైరీలు, ఆత్మకథ, స్నేహితులకు, శత్రువులకు రాసినవి వేరే. ఈ కుప్పలోంచి ఎవరికి కావలసిన ఆడమ్స్‌ని వాళ్లు ఏరుకోవచ్చు. ప్రజాస్వామ్యవాది కావాలా, దొరుకుతాడు. సామాన్యుడికి ఓటిస్తే కొంప మునుగుతుందన్నవాడు కావాలా, ఆయనా దొరుకుతాడు. నా మటుకు నాకు ఈ చిక్కుముడి విప్పే దారి ఒకటే అనిపిస్తుంది. ప్రతి ఉత్తరాన్నీ పట్టుకుని ఎవరి కోసం రాశాడు, జరిగిన ఎన్నాళ్లకి రాశాడు, చివరికి అది ఎవరి చేతిలో పడింది అని అడగాలి. ఆయన లాయరు కాబట్టి ఎదుట కూర్చున్న మనిషిని బట్టి వాదన మార్చడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. అది గుర్తుంచుకోకపోతే ఆయన ఎప్పటికీ అర్థం కాడు.

ముందు మనిషి గురించి రెండు ముక్కలు. 1735లో మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో పుట్టాడు. తండ్రి వ్యవసాయం చేసేవాడు, చలికాలంలో చెప్పులు కుట్టేవాడు, చర్చి వ్యవహారాలు చూసే పెద్ద (డీకన్). 1755లో హార్వర్డ్ చదువు ముగించి, వూస్టర్‌లో కొన్నాళ్లు బడిపంతులుగా చేస్తూ జేమ్స్ పట్నం అనే లాయరు దగ్గర న్యాయశాస్త్రం నేర్చుకుని, 1758లో వకీలయ్యాడు. 1764లో అబిగైల్ స్మిత్‌ని పెళ్లి చేసుకున్నాడు, అప్పటికి ఆమెకి 19 ఏళ్లు. స్కూలు మొహం చూడలేదు కానీ ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ చదివేసిన మనిషి.

ఆయన పేరు బాగా వినపడేలా చేసిన కేసు బోస్టన్ కాల్పులది. 1770 మార్చి 5 రాత్రి, మంచు పడి ఉన్న కింగ్ వీధిలో, కస్టమ్స్ ఆఫీసు ముందు కాపలా ఉన్న బ్రిటిష్ సిపాయిని జనం చుట్టుముట్టారు. మంచుముద్దలు, ఐసు ముక్కలు విసిరారు. సహాయానికి కెప్టెన్ థామస్ ప్రెస్టన్ కొందరు సైనికులతో వచ్చాడు. తుపాకులు పేలాయి, ఐదుగురు చనిపోయారు. ప్రెస్టన్ తరఫునా, ఎనిమిది మంది సిపాయిల తరఫునా వాదించడానికి ఆడమ్స్ ఒప్పుకున్నాడు.

"జనమంతా ఒకవైపు, ఒక్క నిజాయితీ గల లాయరు ఒకవైపు" అని ఈ కథని అందరూ చెబుతారు. కోర్టు లోపల జరిగింది దానికంటే చాలా ఆసక్తికరం. కెప్టెన్‌కీ సిపాయిలకీ ప్రయోజనాలు ఒకటి కావు. కాల్చమని నేను ఆర్డరివ్వలేదు అని చెబితే కెప్టెన్ బయటపడతాడు. ఆర్డరిచ్చాడు, మేం పాటించాం అని చెబితే సిపాయిలు బయటపడతారు. ఇద్దరికీ ఒకే లాయరు! మమ్మల్ని కెప్టెన్‌తో కలిపి విచారించండి అని సిపాయిలు అర్జీ పెట్టుకున్నారు, కోర్టు వినలేదు. ముందు ప్రెస్టన్ విచారణ అక్టోబరులో జరిగింది, ఆర్డరిచ్చినట్టు రుజువు లేదని నిర్దోషిగా వదిలేశారు. దాంతో సిపాయిలకి "పైవాడు చెప్పాడు" అనే వాదన చేజారిపోయింది, మిగిలింది ఆత్మరక్షణ ఒక్కటే. ఆడమ్స్ నవంబరు, డిసెంబరు విచారణలో దాన్నే పట్టుకున్నాడు. వాస్తవాలు మొండివి, మన కోరికలు ఎలా ఉన్నా సాక్ష్యాన్ని మార్చలేవు అన్న ఆయన ప్రసిద్ధ వాక్యం ఇక్కడిదే. ఆరుగురిని వదిలేశారు. ఇద్దరికి హత్య కాని నరహత్య కింద శిక్ష పడింది. వాళ్లు పాతకాలం నుంచి వస్తున్న ఒక మినహాయింపు అడిగారు. ఒకప్పుడు మతాధికారులకే ఉండి, తర్వాత మామూలు మనుషులకి కూడా మొదటి తప్పుకి వర్తించిన సౌకర్యం అది. మళ్లీ వాడుకోకుండా గుర్తుగా బొటనవేలి మీద వాత పెట్టి పంపించేశారు.

అదే ప్రసంగంలో ఆడమ్స్ ఆ గుంపుని వర్ణించిన తీరు మాత్రం నాకు మింగుడుపడదు. అల్లరి పిల్లలు, నల్లవాళ్లు, మిశ్రమ జాతివాళ్లు, ఐరిష్‌వాళ్లు, ఎక్కడెక్కడి నావికులో అని జాబితా చదివాడు, చనిపోయినవాళ్లలో ఒకడైన క్రిస్పస్ అటక్స్ మీద నేరమంతా మోపాడు. జ్యూరీలో ఉన్న మర్యాదస్తులతో "వాళ్లు మన మనుషులు కారు" అనిపించడమే ఆ వాదన పని. అది పనిచేసింది. వాస్తవాలు మొండివన్న వాక్యాన్ని తలుచుకునేవాళ్లు ఈ జాబితాని కూడా తలుచుకోవాలి.

ఇక ఈ కేసు ఆయన జ్ఞాపకంలో ఎలా మారిందో చూడండి. 1802 తర్వాత రాసుకున్న ఆత్మకథలో, కాల్పుల మర్నాడు ఫారెస్ట్ అనే వ్యాపారి కళ్లనీళ్లతో తన ఆఫీసుకి వచ్చి ప్రెస్టన్ తరఫున బతిమాలాడని, ఒక్క గినీ (అప్పటి బ్రిటిష్ బంగారు నాణెం) చేతిలో పెట్టాడని, తాను తన పేరుప్రతిష్ఠలన్నీ పణంగా పెట్టి ఒప్పుకున్నానని రాస్తాడు. కథ బాగుంది. కానీ ఆ జూన్‌లోనే, అంటే కేసు ఒప్పుకున్న తర్వాత, విచారణ మొదలవకముందే, బోస్టన్ ఓటర్లు ఆయన్ని అసెంబ్లీకి ఎన్నుకున్నారు. నిందలు పడ్డాడు, నిజమే. అయితే ఊరంతా వెలేసిందన్నది మాత్రం రికార్డుకి అందదు. మూడేళ్ల తర్వాత, 1773 మార్చి 5 డైరీలో ఈ కేసు తనకి చాలా ఆందోళన తెచ్చిందని, అయినా తన జీవితంలో చేసిన అతి నిస్వార్థమైన పనుల్లో ఇదొకటని రాసుకున్నాడు. నేను ఆ డైరీకి ఎక్కువ విలువిస్తాను, ముప్పై ఏళ్ల తర్వాతి నాటకానికి తక్కువ.

అలాగని ముసలితనంలో రాసినవన్నీ తీసిపారేయకూడదు. 1761లో ఇళ్లూ గోదాములూ సోదా చేసే బ్రిటిష్ వారెంట్లకి వ్యతిరేకంగా జేమ్స్ ఓటిస్ కోర్టులో వాదించినప్పుడే స్వాతంత్ర్యం అనే బిడ్డ పుట్టిందని ఆడమ్స్ 1817లో రాశాడు. యాభై ఆరేళ్ల తర్వాత రాసిన మాట కదా, అతిశయోక్తి అనుకోవచ్చు. కానీ 1776 జూలై 3న అబిగైల్‌కి రాసిన ఉత్తరంలో కూడా ఈ గొడవకి మొదలు 1761 నాటి ఆ వాదనే అని రాశాడు. అంటే ఆ ఆలోచన వయసు మీద పడ్డాక పుట్టింది కాదు, రంగులు మాత్రం తర్వాత అద్దాడు.

ఉత్తరం దారి తప్పితే ఏమవుతుందో ఆయనకి 1775లో తెలిసొచ్చింది. ఫిలడెల్ఫియాలో కాంటినెంటల్ కాంగ్రెస్, అంటే అమెరికా వలసల ప్రతినిధుల సభ, నడుస్తోంది. జాన్ డికిన్సన్ అనే పెన్సిల్వేనియా లాయరు, అప్పటికి ఆడమ్స్ కంటే చాలా పేరున్నవాడు, రాజుగారికి ఇంకో విన్నపం పంపుదాం అంటున్నాడు. ఆడమ్స్‌కి ఒళ్లు మండింది. జూలై 24న స్నేహితుడు జేమ్స్ వారెన్‌కి రాస్తూ, పేరు చెప్పకుండా, గొప్ప ఆస్తీ అల్పమైన బుర్రా ఉన్న ఒకాయన మన పనులన్నిటికీ వెర్రిమొర్రి రూపు తెచ్చాడని గీకేశాడు. అదే సమయంలో అబిగైల్‌కి కూడా ఒక ఉత్తరం రాశాడు. రెండూ బెంజమిన్ హిచ్‌బోర్న్ అనే కుర్ర లాయరు చేతికిచ్చి పంపాడు. ఆ కుర్రాడిని నారగాన్సెట్ అఖాతంలో బ్రిటిష్‌వాళ్లు పట్టుకున్నారు, ఆగస్టులో ఆ ఉత్తరాలు బోస్టన్‌లో బ్రిటిష్ అనుకూల పత్రికలో అచ్చయ్యాయి.

సెప్టెంబరులో ఒక పొద్దున ఆడమ్స్ చెస్ట్‌నట్ వీధిలో నడిచి వెళ్తుంటే డికిన్సన్ ఎదురయ్యాడు. మోచేతులు తగిలేంత దగ్గరగా దాటుకున్నారు. ఆడమ్స్ టోపీ తీసి వంగి నమస్కారం చేశాడు. డికిన్సన్ టోపీ కదపలేదు, తల కదపలేదు, చెయ్యి కదపలేదు, అలాగే వెళ్లిపోయాడు. ఇదంతా ఆడమ్స్ స్వయంగా ఆ రోజు డైరీలో రాసుకున్నాడు. ఇక మీద ఆయనతో పలకరింపులు ఉండవు, పని మటుకు పనే అని కూడా. ఆత్మకథలో ఎంత గొప్పలు పోయినా, డైరీలో తనకి జరిగిన అవమానాన్ని ఇంత సూటిగా రాసుకున్నాడు చూడండి, అందుకే నాకు ఈ మనిషంటే అభిమానం.

ఇంత జరిగాక ఎవరైనా కలం కట్టిపెడతారు. ఆయన 1776 జూన్ మొదట్లో ఒక పెద్ద ఖాళీ పుస్తకం కొన్నాడు, ఇక నుంచి నీకు రాసే ప్రతి ఉత్తరానికీ నకలు ఇందులో ఉంచుకుంటానని భార్యకి రాశాడు, నువ్వూ అలాగే చెయ్యి అన్నాడు. ఈ కష్టకాలంలో మనం ఎలా బతికామో, ఏం అనుకున్నామో రేపటి తరాలకి తెలుస్తుందని ఆయన ఆశ. ఇది మరిచిపోకూడదు. అప్పటి నుంచి "అంతరంగిక" ఉత్తరాల్లో కూడా ఒక కన్ను మన మీద ఉంది.

1776 వసంతంలో రాసిన ఉత్తరాలు చూస్తే ఒకే ప్రశ్నకి ఆడమ్స్ ఎన్ని గొంతులతో జవాబిస్తాడో తెలుస్తుంది. మార్చి 31న అబిగైల్ రాసింది: మీరు చేయబోయే కొత్త చట్టాల్లో ఆడవాళ్లని గుర్తుపెట్టుకోండి, భర్తల చేతిలో అంత హద్దులేని అధికారం పెట్టకండి, వీలైతే మగవాళ్లందరూ నియంతలే అవుతారు. ఆమె ఇక్కడ ఓటు హక్కు అడగలేదు, చాలామంది అలా అనుకుంటారు గానీ. అప్పటి ఇంగ్లిష్ చట్టం కింద పెళ్లయిన స్త్రీకి విడిగా ఆస్తి లేదు, తన పేరున ఒప్పందం చేసుకునే వీలు లేదు, భర్త కొట్టినా దిక్కులేదు. ఆమె అడిగింది దాని గురించి.

ఏప్రిల్ 14న ఆయన జవాబు రాశాడు. నీ విచిత్రమైన చట్టం చూసి నవ్వాగలేదు అన్నాడు. పిల్లలు, పనినేర్చుకునే కుర్రాళ్లు, అమెరికా ఆదివాసులు, నల్లవాళ్లు అందరూ ఎదురుతిరుగుతున్నారని విన్నాం, వాళ్లందరికంటే పెద్ద తెగ ఒకటి అసంతృప్తిగా ఉందని నీ ఉత్తరంతోనే తెలిసింది అని. అసలు పెత్తనం మీదేగా, మాది పేరుకేగా అని తేల్చేశాడు. ఈ ఉత్తరం ఒక్కటే చదివితే ఆయన ఈ విషయం అసలు పట్టించుకోలేదనిపిస్తుంది.

కానీ ఆరు వారాల తర్వాత, మే 26న, జేమ్స్ సల్లివన్ అనే న్యాయమూర్తికి రాసినప్పుడు నవ్వు లేదు. ఆస్తి లేని మగవాళ్లకి ఓటివ్వాలా అని సల్లివన్ వైపు నుంచి వచ్చిన ప్రశ్న అది. ప్రభుత్వం ప్రజల సమ్మతి మీద నిలబడాలంటే స్త్రీలని ఏ కారణంతో పక్కనపెడతాం అని ఆడమ్సే తనని తాను ప్రశ్నించుకున్నాడు. వాళ్లకి లోకజ్ఞానం తక్కువ, మగవాళ్ల మీద ఆధారపడి ఉంటారు అంటారు, సరే, ఆస్తి లేని మగవాళ్లకీ అదే వర్తిస్తుంది కదా అన్నాడు. ఆ తలుపు తెరవకండి, తెరిస్తే అంతే ఉండదు, స్త్రీలు ఓటు అడుగుతారు, పన్నెండేళ్ల నుంచి ఇరవయ్యొక్కేళ్ల లోపు కుర్రాళ్లు అడుగుతారు, చేతిలో చిల్లిగవ్వ లేనివాడు సమాన హక్కు అడుగుతాడు అని హెచ్చరించాడు. వాదన ఎంత దూరం పోతుందో ఆయనకి పూర్తిగా తెలుసు. భార్య చెప్పింది ఆయనకి అర్థం కాకపోవడం కాదు, అర్థమై భయపడ్డాడు. భార్యకి రాసినదాంట్లో జోకు కింద దాచింది తోటి న్యాయవాదికి రాసినదాంట్లో బయటపడింది. నా దృష్టిలో ఈ రెండు ఉత్తరాలూ కలిపి చదవనివాళ్లు 1776ని సగమే చదివినట్టు.

అబిగైల్ ఊరుకోలేదు. మే 7న రాసింది, మగవాళ్లకి శాంతి, సుహృద్భావం ప్రకటిస్తూ, దేశాలన్నిటినీ విముక్తి చేస్తూ, భార్యల మీద మాత్రం సంపూర్ణాధికారం ఉంచుకుంటానంటున్నావు అని.

జూలై 3 నాటి ఉత్తరం గురించి అమెరికాలో ఉన్న మనవాళ్లు వినే ఉంటారు. ఊరేగింపులు, ఆటలు, తుపాకులు, గంటలు, భోగిమంటల్లాంటి మంటలు, దీపాలతో ఈ ఖండం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పండగ చేసుకుంటుందని ఆయన ఊహించాడు. ఆయన అనుకున్న తేదీ జూలై 2, స్వాతంత్ర్య తీర్మానానికి కాంగ్రెస్ ఓటేసిన రోజు. జనం మాత్రం ప్రకటన పత్రం మీద ఉన్న 4వ తేదీని పండగ చేసుకున్నారు.

ఆ తర్వాత పదేళ్లు దౌత్యం. 1778లో పదేళ్ల కొడుకు జాన్ క్విన్సీని వెంటబెట్టుకుని ఫ్రాన్సు వెళ్లాడు, 1782లో డచ్‌వాళ్ల గుర్తింపూ అప్పూ సాధించాడు, బ్రిటన్‌తో యుద్ధం ముగించిన 1783 పారిస్ ఒప్పందంలో తోటి ప్రతినిధులు ఫ్రాంక్లిన్, జాన్ జేతో కలిసి సంతకం పెట్టాడు, 1785లో బ్రిటన్‌కి తొలి రాయబారి అయ్యాడు. మధ్యలో ఇంటికొచ్చిన కొన్ని నెలల్లో మసాచుసెట్స్ రాజ్యాంగం ముసాయిదా రాశాడు. 1780 నాటి ఆ రాజ్యాంగం సవరణలతో ఇంకా అమల్లో ఉంది. ఆయన చేసినవాటిలో గట్టిగా నిలిచింది నా లెక్కలో అదే.

1797లో అధ్యక్షుడయ్యాడు. 1798లో ప్రభుత్వాన్ని విమర్శించే రాతల్ని నేరం చేసే సెడిషన్ చట్టం మీద సంతకం పెట్టాడు. తన జీవితమంతా ఉత్తరాల్లో అందరినీ తిట్టిన మనిషి సంతకం చేసిన ఆ చట్టం కింద జైలుకి పోయిన మొదటివాళ్లలో మాథ్యూ లయన్ అనే వెర్మాంట్ కాంగ్రెస్ సభ్యుడున్నాడు. అతని నేరం కూడా ఉత్తరమే. ఆడమ్స్‌కి ఆడంబరాల మీద, పొగడ్తల మీద యావ అని పత్రికకి రాశాడు. చట్టం రాకముందు జూన్‌లో రాసింది, చట్టం వచ్చాక అచ్చయింది. నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా. జైల్లో ఉండగానే ఓటర్లు అతన్ని మళ్లీ గెలిపించారు. ఆడమ్స్‌ని ఎంత ప్రేమించినా ఈ సంతకాన్ని వెనకేసుకు రాలేను.

1800లో ఎన్నికల ముందు దెబ్బ సొంత పార్టీ నుంచి తగిలింది. ఆ పార్టీ నాయకుడు అలెగ్జాండర్ హామిల్టన్ ఆడమ్స్ స్వభావంలోని లోపాలన్నీ ఏకరువు పెడుతూ 54 పేజీల ఉత్తరం రాశాడు, తమ ఫెడరలిస్టు పెద్దల మధ్యే తిప్పుదామని. అది ఎదుటి పార్టీ చేతిలో పడి పత్రికలకెక్కింది. ఆడమ్స్‌కి 65 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి, ఎదుటి పార్టీ అభ్యర్థులు థామస్ జెఫర్సన్‌కీ ఆరన్ బర్‌కీ చెరో 73. ఓటమికి ఈ ఉత్తరం ఒక్కటే కారణం అనను, న్యూయార్క్ చేజారడం పెద్ద దెబ్బ. 1801 మార్చి 4న జెఫర్సన్ ప్రమాణస్వీకారానికి ఉండకుండా తెల్లవారకముందే ఊరు వదిలేశాడు.

జెఫర్సన్‌తో పదేళ్లకి పైగా మాటల్లేవు. మధ్యలో 1804లో జెఫర్సన్ కూతురు పాలీ చనిపోతే అబిగైల్ భర్తకి చెప్పకుండా పరామర్శ ఉత్తరం రాసింది. ఆ పిల్ల చిన్నప్పుడు లండన్‌లో కొన్నాళ్లు ఆమె దగ్గరే పెరిగింది. జెఫర్సన్ జవాబులో పాత రాజకీయం కదిపాడు, మాటామాటా పెరిగి ఆగిపోయింది. చివరికి ఇద్దరికీ స్నేహితుడైన డాక్టర్ బెంజమిన్ రష్ పూనుకుని, మీరిద్దరూ మళ్లీ కలిసినట్టు నాకు కలొచ్చింది అని 1809లో ఆడమ్స్‌కి రాశాడు. 1812 జనవరి 1న ఆడమ్స్ మొదటి అడుగు వేశాడు. మీకు మా ఇంట్లో నేసిన రెండు బట్టముక్కలు పంపుతున్నాను అన్నాడు. అవి నిజానికి కొడుకు జాన్ క్విన్సీ రాసిన ఉపన్యాసాల పుస్తకం రెండు సంపుటాలు. ఉత్తరం ముందు చేరింది, పార్శిల్ వెనకబడింది. జెఫర్సన్ నిజంగా బట్టలే అనుకుని, వర్జీనియాలో ఇళ్లల్లో నేత ఎలా సాగుతోందో వివరంగా జవాబు రాశాడు! అక్కడి నుంచి 1826 దాకా 158 ఉత్తరాలు, జెఫర్సన్ ఒకటి రాస్తే ఆడమ్స్ రెండు రాశాడు.

ఈ స్నేహాన్ని తియ్యగా చెప్పడం అలవాటైపోయింది. 1813లోనే అది తెగిపోయే దాకా వచ్చింది. జెఫర్సన్ 1801లో శాస్త్రవేత్త ప్రీస్ట్‌లీకి రాసిన ఉత్తరం లండన్‌లో ఒక పుస్తకంలో అచ్చయింది, అందులో ఆడమ్స్ పాలన మీద ఘాటైన మాటలున్నాయి. అది చదివిన ఆడమ్స్ ఉత్తరాల వాన కురిపించాడు. విదేశీయుల్ని దేశం నుంచి పంపేసే అధికారం అధ్యక్షుడికిచ్చిన 1798 నాటి చట్టం గురించి, దాని మీద అధ్యక్షుడిగా నా సంతకం ఉంటే ఉపాధ్యక్షుడిగా నీ సంతకం కూడా ఉంది, బాధ్యత నాకెంతో నీకూ అంతే అన్నాడు. లాయరు బుద్ధి! ఉపాధ్యక్షుడే సెనేట్‌కి అధ్యక్షుడు కాబట్టి ఆ హోదాలో జెఫర్సన్ పెట్టింది లాంఛనం, ఆ చట్టానికీ సెడిషన్ చట్టానికీ వ్యతిరేకంగా కెంటకీ రాష్ట్ర శాసనసభ చేసిన తీర్మానాల్ని రహస్యంగా రాసింది ఆయనే. వాదన నిలవదు. కానీ అదే ఏడాది జూలైలో, మనం ఒకరికొకరం వివరించుకోకుండా చచ్చిపోకూడదు అని రాసిందీ ఆడమ్సే.

పదేళ్లకి అదే ప్రమాదం తలకిందులైంది. ఆడమ్స్ తన కోపకాలంలో విలియం కన్నింగ్‌హామ్ అనే బంధువుకి జెఫర్సన్‌ని తిడుతూ రాసిన ఉత్తరాల్ని, జాన్ క్విన్సీ అధ్యక్ష పదవికి అడ్డం కొట్టడానికి, కన్నింగ్‌హామ్ కొడుకు 1823లో అచ్చేశాడు. క్విన్సీ అనే ఊళ్లో ఉంటున్న ముసలి ఆడమ్స్ టెన్షన్ ఊహించుకోవచ్చు. అక్టోబరు 12న జెఫర్సన్ రాశాడు, వయసుకీ యోగ్యతకీ వివేకానికీ తలగడ మీద ముళ్లు నాటాలని చూస్తున్నారు, ఇవి నా మీద రవ్వంత కూడా పనిచేయవు, మీ బుర్రలోంచి తీసేయండి అని. చూపు దాదాపు పోయిన ఆడమ్స్ దాన్ని పొద్దున ఫలహారం దగ్గర చదివించుకున్నాడు, ఇంట్లోవాళ్లంతా ఇంతకంటే మంచి ఉత్తరం ఎవరూ రాయలేదన్నారని జవాబిచ్చాడు.

మనకి ఈ ఉత్తరాలు చేరిన దారి కూడా నేరుగా లేదు. మనవడు చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ 1840లో అబిగైల్ ఉత్తరాలు, 1850 నుంచి 1856 దాకా తాతగారి రచనలు పది సంపుటాలుగా వేశాడు. గొప్ప పని, కానీ స్పెల్లింగులు దిద్దాడు, కొన్ని చోట్ల కత్తిరించాడు. పాత పుస్తకాల్లోంచి వచ్చే కొటేషన్లు చాలావరకు ఆ దిద్దుబాటు చేతి నుంచి వచ్చినవే. కుటుంబం కాగితాలన్నీ 1950ల్లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీకి అప్పగించింది, 1961 నుంచి అసలు రాతప్రతులతో సరిపోల్చిన సంపుటాలు వస్తున్నాయి. ఇప్పుడు ఆ సొసైటీ సైట్‌లోనూ, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వారి ఫౌండర్స్ ఆన్‌లైన్‌లోనూ ఉచితంగా చదువుకోవచ్చు.

మొదలుపెట్టాలంటే 1776 మార్చి 31 నుంచి జూలై 3 దాకా అబిగైల్, జాన్ ఉత్తరాలు తేదీల వరసలో చదవండి, మధ్యలో మే 26 నాటి సల్లివన్ ఉత్తరం చేర్చుకోండి. ఎక్కడైనా ఆడమ్స్ వాక్యం ఒకటి విడిగా కనిపిస్తే ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో ఆ నాలుగు మాటలు వెతికితే పూర్తి ఉత్తరం, తేదీ, ఎవరికి రాశాడో అన్నీ బయటికొస్తాయి. ఆమె ఉత్తరాలు మాత్రం దాటెయ్యకండి, ఆమె ఏం అడిగిందో తెలియకుండా ఆయన జవాబుల్లో సగం అర్థం కావు.